నాన్న మీద డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్న చెల్లికి

చెల్లీ, నీ ప్రశ్న రాత్రే చూశాను. వెంటనే రాయలేకపోయాను. పొద్దున్నే లేచి కూర్చుని రాస్తున్నాను.

మీ నాన్నగారు గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తుండగా దోపిడీకి వచ్చినవాడి కాల్పుల్లో పోయి 14 నెలలైందన్నావు. కేసు ఇంకా కోర్టులో ఉంది. నీకు వీడియో ఎడిటింగ్ వచ్చు కాబట్టి ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నావు. అమ్మ వద్దంటోంది. నువ్వేమో ఎడిటింగ్‌కి కూర్చున్న ప్రతిసారీ ఆ రాత్రి దగ్గరే ఆగిపోతున్నావు. "ఎక్కడ మొదలుపెట్టాలక్కా? ఆ రాత్రిని చూపించాలా, వదిలేయాలా?" అని అడిగావు.

మా నాన్న కూడా కౌంటర్ వెనకే పోయారు, 2005 ఫిబ్రవరిలో. నాకప్పుడు 19 ఏళ్లు. ఆయన మీద ఒక చిన్న పుస్తకం తేవడానికి నాకు 9 ఏళ్లు పట్టింది. ఆ తర్వాత ఈ 11 ఏళ్లుగా మా ఊరి లైబ్రరీలో నెలకో శనివారం, నాలాగే ఇంట్లో మనిషిని తుపాకీకి పోగొట్టుకున్న కుటుంబాలతో కూర్చుంటున్నాను. ఎవరికి ఏది చేతనైతే అది చేస్తారు. పుస్తకం, ఆల్బమ్, ఆడియో, బొంత, ఏదైనా సరే. నా అనుభవంతో పాటు వాళ్ల దగ్గర చూసింది కూడా కలిపి చెబుతున్నాను.

ముందు ఒక మాట. నువ్వు అక్కడే ఆగిపోవడానికి కారణం ఉంది. ఆ రాత్రి గురించి ఉన్నంత సమాచారం ఆయన జీవితంలో మరే రోజు గురించీ నీ దగ్గర లేదు. పోలీసు రిపోర్టు ఉంది, టీవీ క్లిప్పులున్నాయి, నిమిషాలతో సహా టైములున్నాయి. అన్నేళ్లు బతికిన మనిషి గురించి ఇంకే రోజునూ ఎవరూ అంత వివరంగా రాసిపెట్టలేదు. ఎడిటర్‌వి కదా, ఫుటేజ్ ఎక్కడ ఎక్కువుంటే కథ అటే లాక్కుపోతుందని నీకు నేను చెప్పక్కర్లేదు.

నన్నూ అలాగే లాక్కుపోయింది. మొదటిసారి 40 పేజీలు రాశాను. సాక్షులు ఏం చెప్పారు, ఏ బుల్లెట్ ఎక్కడ తగిలింది, జడ్జి ఏమన్నాడు, అంతా అదే. తీసుకెళ్లి అమ్మకిచ్చాను. మూడు పేజీలు చదివి మూసేసి, "ఇందులో మీ నాన్న ఎక్కడున్నారే?" అంది. నాకు చాలా కోపమొచ్చింది. ఏడాది పాటు ఆ కాగితాల జోలికి పోలేదు.

దారి చూపించింది మా నానమ్మ. నాన్న అంత్యక్రియలు ఇక్కడ అమెరికాలోనే చేసి, అస్థికలు తీసుకుని నరసరావుపేట దగ్గరున్న మా ఊరు వెళ్లాం. ఆ రోజు నానమ్మ రాగం తీసి ఏడ్చింది. మా బాబాయి కొడుకు ఎందుకనిపించిందో ఏమో, దాన్ని టేప్ రికార్డర్‌లో రికార్డు చేశాడు. మూడేళ్ల తర్వాత ఊరెళ్తే ఆ క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఎలా ఏడుస్తారో నీకు తెలిసే ఉంటుంది. పోయినవాళ్లు చేసిన ఒక్కో పనీ చెప్పి, మాట కట్టి ఏడుస్తారు. "మిరపకాయలు కోసొచ్చి చేతులు మండుతుంటే నా కొంగులో పెట్టుకున్న నా తండ్రీ" అంది. "బస్సు దిగి రోడ్డు మీద నుంచే కేకేసేవాడివి, ఇవాళ కుండలో వచ్చావా నాయనా" అంది. దాదాపు పావుగంట ఉంది. అందులో కాల్చినవాడి ఊసు ఒక్కసారి కూడా రాలేదు. ఆమెకు చదువు రాదు. కానీ కొడుకుని ఎలా తలుచుకోవాలో నాకంటే ఆమెకే తెలుసు. నా 40 పేజీల్లో కనిపించని మనిషి ఆ పావుగంటలో వచ్చి కళ్లముందు నిలబడ్డాడు.

అప్పటి నుంచి నేను పట్టుకున్నది ఒకటే. ఆయన రోజూ చేసిన పనుల్లోంచి మొదలుపెట్టాలి. నీకూ అదే చెబుతాను. మీ నాన్నగారు షిఫ్ట్ ఎక్కగానే మొదట ఏం చేసేవారు? కాఫీ మెషిన్ కడిగేవారా, కూలర్ నింపేవారా, లాటరీ టికెట్లు లెక్కపెట్టుకునేవారా? నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడి చేసుకునేవారా? రోజూ వచ్చే కస్టమర్‌కి ఏ సిగరెట్ కావాలో అడక్కుండానే తీసిపెట్టేవారా? బాక్సులో ఏం తీసుకెళ్లేవారు? మా నాన్న పప్పు వేడిచేస్తే స్టోరంతా ఇంగువ వాసనొస్తుందని రాత్రిళ్లు పెరుగన్నమే తినేవారు. ఈ సంగతి నాకు ఆయన పోయాక ఆయన పార్ట్‌నర్ చెబితే తెలిసింది. ఇలాంటివి నీకు చెప్పగలిగే మనుషులు ఇప్పుడు అందుబాటులో ఉన్నారు. పదేళ్ల తర్వాత వాళ్లు ఏ ఊళ్లో ఉంటారో, ఎంత గుర్తుంటుందో.

వాళ్లని అడిగే ప్రశ్న కూడా ముఖ్యం. "మా నాన్న ఎలాంటి మనిషి?" అని అడిగితే అందరూ "చాలా మంచి మనిషి" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. నేను పాత కస్టమర్లను, పార్ట్‌నర్‌ను, పాలు తెచ్చే ట్రక్ డ్రైవర్‌ను ఒకే ప్రశ్న అడిగాను: "ఆయన చేస్తుండగా మీరు చూసిన ఒక పని చెప్పండి." ఆ డ్రైవర్ కాసేపు ఆలోచించి చెప్పాడు. మంచు పడిన రోజుల్లో నాన్న తెల్లవారుజామునే వెనక తలుపు దగ్గర ఉప్పు చల్లి ఉంచేవారట, పాల డబ్బాలు మోస్తూ తను జారిపడకూడదని. మా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. మా పుస్తకంలో మొదటి పేజీ అదే.

ఇక ఆలస్యం చేయకూడని పనులు. ఇవి ఈ వారంలోనే చూడు.

ఆయన ఫోన్ లైన్ ఇంకా ఉందా? ఉంటే ఇప్పుడే తీసేయొద్దు. లైన్ తీసేస్తే ఆయన గొంతుతో ఉన్న వాయిస్‌మెయిల్ గ్రీటింగ్, అందులో ఉన్న మెసేజ్‌లు పోతాయి. ఇంకో ఫోన్ నుంచి ఆ నంబర్‌కి కాల్ చేసి గ్రీటింగ్ రికార్డు చేసుకో. వాట్సాప్ ఖాతాను 120 రోజులు వాడకపోతే మామూలుగా తీసేస్తారు, కాబట్టి ఆయన ఖాతా ఈపాటికి పోయి ఉండొచ్చు. కానీ ఆయన నీకూ, అమ్మకూ, ఇండియాలో మేనత్తకూ పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ మీ ఫోన్లలో ఉంటాయి. ఎవరైనా ఫోన్ మార్చేలోపు వాటిని బయటికి తీసి రెండు వేర్వేరు చోట్ల దాచు. గూగుల్ ఖాతా రెండేళ్లు ఎవరూ తెరవకపోతే తీసేయొచ్చన్నది వాళ్ల నిబంధన. ఆయన పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ తెరవలేదనుకుంటే నీకు మిగిలింది 10 నెలలే. ఫొటోలన్నీ అందులో ఉంటే అన్నిటికంటే ముందు ఇది చూడు. పాస్‌వర్డ్ తెలియకపోతే, చనిపోయినవారి ఖాతా గురించి కుటుంబ సభ్యులు గూగుల్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, డెత్ సర్టిఫికెట్ అడుగుతారు.

ఆయన చేతిరాత ఎక్కడ కనిపించినా స్కాన్ చెయ్యి. చెక్కు పుస్తకం, స్టాకు లెక్కల నోట్‌బుక్, గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో గీసిన గీతలు, ఏదీ వదలొద్దు. స్కానర్‌లో స్పష్టత 600 డీపీఐ పెట్టు. తర్వాత ఒక్క అక్షరాన్ని తెరంతా నింపేలా చూపించాలనిపిస్తే ఫోన్‌తో హడావిడిగా తీసిన ఫొటో పనికిరాదు.

బట్టలు ఉతక్కుండా ఒకటైనా ఉంచు. మా అమ్మ అన్నీ ఉతికి మడతపెట్టి ఇచ్చేసింది. ఆ టైములో ఏదో ఒక పని చేస్తూ ఉండకపోతే ఆమె నిలబడలేకపోయేది, అందుకే నేనేమీ అనలేదు. మా శనివారాలకు వచ్చే ఒక అక్క మాత్రం వాళ్ల నాన్న పని చొక్కాలన్నీ దాచి, రెండేళ్ల తర్వాత కత్తిరించి బొంత కుట్టింది. జేబులు విప్పలేదు. పెన్ను కారి నీలం మరకైన జేబు సరిగ్గా బొంత మధ్యలోకి వచ్చేలా కుట్టింది. వాళ్లబ్బాయి ఇప్పుడు ఆ జేబులో చెయ్యి పెట్టుకుని నిద్రపోతాడు.

వాచీ, పర్సు, ఫోన్ లాంటివి పోలీసుల దగ్గర ఎవిడెన్స్‌గా ఉండిపోయి ఉంటాయి. కేసు, అప్పీళ్లు అయ్యేదాకా ఇవ్వకపోవచ్చు. మీ కేసు చూసే విక్టిమ్ అడ్వకేట్, అంటే బాధిత కుటుంబాలకు సాయపడే ఉద్యోగి, డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయర్) ఆఫీసులో ఉంటారు కదా, వాళ్లని అడిగి ఏమేం ఉన్నాయో లిస్టు తీసుకో. ఫోన్ ఇవ్వకపోయినా అందులోని ఫొటోల కాపీ ఇవ్వగలరేమో అడుగు. ఇంకో సంగతి, నేరానికి గురైన కుటుంబాలకు ప్రతి రాష్ట్రంలోనూ పరిహార నిధి ఉంది. 1984లో వచ్చిన ఫెడరల్ చట్టం దానికి కొంత డబ్బు సమకూరుస్తుంది. అంత్యక్రియల ఖర్చు, కౌన్సెలింగ్ ఖర్చు అందులోంచి రావచ్చు. దరఖాస్తు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మన కుటుంబాల్లో చాలామంది ఇది తెలియక గడువు దాటబెట్టుకున్నారు.

కేసు నడుస్తుండగా దేన్నైనా బయటపెట్టే ముందు ఆ అడ్వకేట్‌తో తప్పకుండా మాట్లాడు. సాక్షులను కెమెరా ముందు కూర్చోబెట్టి ఆ రాత్రి గురించి అడగొద్దు. వాళ్లు నీతో చెప్పినదానికీ కోర్టులో చెప్పేదానికీ చిన్న తేడా వచ్చినా డిఫెన్స్ లాయర్ దాన్నే పట్టుకుంటాడు. సివిల్ దావా కూడా వేసి ఉంటే మీ లాయర్‌ని అడుగు. నీ నోట్సు, నీ రికార్డింగులు కూడా చూపించమని అవతలివాళ్లు అడిగే వీలుంది. ఆయన చిన్నతనం గురించి, స్టోర్‌లో పని గురించి తీసుకునే ఇంటర్వ్యూలకు ఈ చిక్కు చాలావరకు ఉండదు. ఈ దశలో అవే తియ్యి.

శిక్ష ఖరారు చేసే రోజున కుటుంబం తరఫున మాట్లాడే అవకాశం ఇస్తారు. దాన్ని విక్టిమ్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు. అది కూడా రచనే చెల్లీ. మా శనివారాలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమ మనిషి గురించి రాసిన మొదటి మాటలు అవే. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓక్ క్రీక్ గురుద్వారాలో ఒక జాత్యహంకారి కాల్పులు జరిపాడు. అందులో తల్లి పరమ్‌జీత్ కౌర్‌ను పోగొట్టుకున్న హర్‌ప్రీత్ సింగ్ సైనీకి అప్పుడు 18 ఏళ్లు. ఆరు వారాల తర్వాత అతను అమెరికా సెనేట్ సబ్‌కమిటీ ముందు కూర్చుని మాట్లాడాడు. తల్లి గంటల తరబడి పనిచేసి అన్ననీ తననీ చదివించిందని చెప్పాడు. సిక్కుల మీద జరిగే ద్వేష నేరాలకు అప్పట్లో ఎఫ్‌బీఐ లెక్కల్లో విడిగా గడి లేదు. కనీసం లెక్కలోకి వచ్చే గౌరవమైనా మా అమ్మకు ఇవ్వండని అడిగాడు. తర్వాత ఎఫ్‌బీఐ ఆ గడి చేర్చింది, 2015 నుంచి విడిగా లెక్కపెడుతున్నారు. 18 ఏళ్ల కుర్రాడు, కొన్ని నిమిషాల మాటలు. పెద్ద సినిమా తీస్తేనే నాన్నకు ఏదో చేసినట్టు అని నీకనిపిస్తే ఆ కుర్రాణ్ణి గుర్తు చేసుకో.

అమ్మ సంగతి. ఆమె వద్దంటున్నది నాన్న మీద సినిమానా, లేక ఆ రాత్రి మళ్లీ కళ్లముందుకు రావడమా? ఈ రెంటికీ చాలా తేడా ఉంది. నేను ఎప్పుడూ అడగలేదు, నా అంతట నేనే ఊహించుకుని రెండేళ్లు అమ్మతో ముభావంగా ఉన్నాను. తర్వాత ఒకరోజు వంటింట్లో చింతకాయ పచ్చడి నూరుతుంటే అమ్మే మొదలుపెట్టింది. నాన్న అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో లుంగీ మీద కోటు వేసుకుని చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్లిన కథ. నేను రికార్డర్ తీయలేదు. విని, రాత్రి రాసుకున్నాను. నెల తర్వాత అడిగితే, "సరే, పెట్టుకో, కానీ ఏడిస్తే ఆపేయాలి" అంది. నువ్వూ అమ్మకు ఒక మాటివ్వు: బయటికి వెళ్లే ముందు ప్రతి ముక్కా ఆమె చూస్తుంది, వద్దన్నది తీసేస్తావు. ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. మా అమ్మ నాన్న రాసిన ఒక ఉత్తరం వద్దంది. పుస్తకం మొత్తంలో నాకు అంతకంటే ఇష్టమైన పేజీ లేదు. తీసేశాను. ఆ ఉత్తరం ఇప్పటికీ పుస్తకంలో లేదు.

అమ్మతో పాటు ఇంకొకళ్లను కూడా అడగాలి. ఇండియాలో మీ తాతయ్యకో నానమ్మకో ఏమని చెప్పారు? మన ఇళ్లలో చాలాసార్లు పెద్దవాళ్లకు గుండెపోటు అనో యాక్సిడెంట్ అనో చెప్పేస్తారు, తట్టుకోలేరని. అలా చెప్పి ఉంటే నీ వీడియో ఏ చుట్టం ఫోన్‌లోనో వాళ్ల కంటపడిన రోజు ఏమవుతుందో ఆలోచించు. మా దగ్గర ఒక కుటుంబంలో అదే జరిగింది. కొడుకు ఎలా పోయాడో ఆ పెద్దాయనకు రెండేళ్ల తర్వాత ఫోన్‌లో చూసి తెలిసింది. నిజం చెప్పాలా వద్దా అన్నది మీ కుటుంబం తేల్చుకోవాలి. కానీ అది సినిమా బయటికి రాకముందే తేలాలి.

నువ్వు డాక్యుమెంటరీ అనే అనుకున్నావు కానీ, ఇతరులు ఏమేం చేశారో కూడా తెలుసుకో. 2019లో షికాగో ఆర్కిటెక్చర్ బియెన్నియల్ అనే, రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శనలో హ్యాంక్ విల్లిస్ థామస్ అనే కళాకారుడూ, మాస్ డిజైన్ గ్రూప్ అనే ఆర్కిటెక్టుల సంస్థా, కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న షికాగో తల్లిదండ్రులతో కలిసి నాలుగు గాజు ఇళ్లు కట్టారు. ఒక్కో ఇంటికీ 700 గాజు ఇటుకలు. అమెరికాలో అప్పట్లో వారానికి సగటున తుపాకీకి బలయ్యేవాళ్ల సంఖ్య అది. కుటుంబాలు తమ మనిషిది ఒక వస్తువు ఇస్తే దాన్ని ఒక ఇటుకలో ఉంచి, పేరూ పుట్టిన పోయిన సంవత్సరాలూ రాస్తారు. బూట్లు, ఫొటోలు, గ్రాడ్యుయేషన్ టోపీ కుచ్చులు, ఇలాంటివే ఉంటాయి. ఖాళీగా ఉన్న ఇటుకలు కూడా చాలా ఉంటాయి. తర్వాత అది వాషింగ్టన్‌లోని నేషనల్ బిల్డింగ్ మ్యూజియంలో కూడా పెట్టారు. దాని గురించి మా శనివారాల్లో చెప్పినప్పుడల్లా నేను అందరినీ ఒకటే అడుగుతాను: మీకిచ్చిన ఒక్క ఇటుకలో ఏం పెడతారు? నువ్వూ ఆలోచించు. నీకు తట్టిన వస్తువే నీ సినిమాలో మొదటి షాట్ కావచ్చు.

ఓక్ క్రీక్‌లోనే గురుద్వారా అధ్యక్షుడు సత్వంత్ సింగ్ కలేకా దుండగుణ్ణి అడ్డుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయన కొడుకు పర్దీప్ అంతకుముందు పోలీసు ఉద్యోగం చేసి, తర్వాత టీచరైన మనిషి. ఎందుకు చేశాడో అర్థం కాక, ఒకప్పుడు అలాంటి జాత్యహంకార ముఠాలో ఉండి బయటపడిన ఆర్నో మైకేలిస్‌ను వెతికి కలిశాడు. ఇద్దరూ కలిసి బడిపిల్లలతో పనిచేశారు, 2018లో ఒక పుస్తకం రాశారు. అదే ఊళ్లో ఆ రోజు చనిపోయిన ఆరుగురి పేరున ఆరు కిలోమీటర్ల పరుగు కూడా పెట్టారు. 2015 జూన్ 17న సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో జరిగిన చర్చి కాల్పుల్లో తల్లి షరోండా కోల్మన్ సింగిల్టన్‌ను పోగొట్టుకున్న క్రిస్ సింగిల్టన్ కాలేజీ బేస్‌బాల్ ఆటగాడు. అతను 2020లో చేసింది చిన్నపిల్లల బొమ్మల పుస్తకం. మనవాళ్లలో చెప్పాలంటే, 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేథాలో హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్ హత్య తర్వాత ఆయన భార్య సునయన దుమాల వలస వచ్చినవాళ్ల కథలను నలుగురికీ చేర్చే పని పెట్టుకున్నారు. తల్లిదండ్రులను పోగొట్టుకోవడమూ జీవిత భాగస్వామిని పోగొట్టుకోవడమూ ఒకటి కాదు, అయినా ఆమె పని మన ఇళ్లలో చాలామందికి నోరు విప్పే ధైర్యమిచ్చింది.

కాల్చినవాడి గురించి. నా పుస్తకంలో వాడి పేరు లేదు. 2012 జులైలో కొలరాడోలోని అరోరా సినిమా హాల్లో కొడుకు అలెక్స్‌ను పోగొట్టుకున్న టామ్, కారెన్ టీవ్స్ దంపతులు, హంతకుల పేర్లూ ఫొటోలూ ఊదరగొట్టొద్దని మీడియాను అడుగుతూ నో నొటోరిటీ అనే ఉద్యమం మొదలుపెట్టారు. వాళ్ల మాట నాకు నచ్చింది. నువ్వు వాడి గురించి చెప్పాలనుకుంటే చెప్పు, కానీ వాడి ఫొటో నాన్న ఫొటో ఉన్న ఫ్రేములోకి మాత్రం రానీయకు.

క్షమించావా అని నిన్ను అడిగేవాళ్లు వస్తారు, ఇంటర్వ్యూ చేసేవాళ్లయితే మరీ అడుగుతారు. చార్ల్‌స్టన్‌లో చనిపోయిన 9 మందిలో ఎథెల్ లాన్స్ ఒకరు. ఆమె కూతురు నాడీన్ కోలియర్ రెండు రోజులకే కోర్టులో హంతకుడితో నిన్ను క్షమిస్తున్నానంది. అదే తల్లి పెద్ద కూతురు షారన్ రిషర్‌కు, ఆమె స్వయంగా పాస్టర్ అయ్యుండి కూడా, ఆ మాటకు రావడానికి ఏళ్లు పట్టింది. ఆమె తుపాకీ చట్టాల కోసం ఊరూరా తిరిగి మాట్లాడారు, 2019లో పుస్తకం రాశారు. ఒకే తల్లి, ఇద్దరు కూతుళ్లు, ఇద్దరిదీ నిజమైన ప్రేమే. నీ సినిమా చివర్లో క్షమాపణ సీన్ ఉండాలని ఎవరైనా అంటే వినక్కర్లేదు. నీ మనసులో లేని మాటను నాన్న పేరు మీద కెమెరా ముందు అనకు.

భాష గురించి నువ్వు అడగలేదు, కానీ చెబుతాను, ఎందుకంటే నేను ఇక్కడే పెద్ద పొరపాటు చేశాను. మొదట అంతా ఇంగ్లీషులో రాశాను, ఇక్కడి జనం చదవాలని. అందులో నాన్న మాట్లాడిన ప్రతి మాటా ఇంకెవరో మాట్లాడినట్టుంది. ఆయన నన్ను "ఏమ్మా బంగారూ, తిన్నావా" అని పిలిచేవారు. దానికి ఇంగ్లీషులో నాకు ఏ మాటా దొరకలేదు. చివరికి ఆయన మాటలన్నీ తెలుగులోనే ఉంచి, పక్కన ఇంగ్లీషు పెట్టాను. నీకు సబ్‌టైటిల్స్ ఉన్నాయి కాబట్టి ఇంకా తేలిక. ఆయన మీ పల్నాడు యాసలోనో తెలంగాణ యాసలోనో మాట్లాడితే ఆ యాసను దిద్దొద్దు. ఆయన కూనిరాగం తీసిన సినిమా పాటలు పెట్టాలనిపిస్తుంది, కానీ యూట్యూబ్‌లో కాపీరైట్ సమస్య వస్తుంది. ఊళ్లో మేనత్త చేత ఒక నాట్ల పాట పాడించి పెట్టు.

ఇప్పుడు నీ ఆరోగ్యం. రోజుకు గంటన్నర మించి ఈ ఫుటేజ్ ముందు కూర్చోకు. రాత్రి పదింటి తర్వాత అసలే వద్దు. సీసీటీవీ వీడియో, పోస్ట్‌మార్టం రిపోర్టు లాంటివి నువ్వు స్వయంగా చూడక్కర్లేదు. నీకు నమ్మకమున్న స్నేహితురాలికి ఇచ్చి, అవసరమైన ఒక్క ముక్క చెప్పమను. నేను చూశాను. చూడకుండా ఉండాల్సింది. సంవత్సరీకం నెలలో, కోర్టు వాయిదా ఉన్న వారంలో ఎడిటింగ్ పెట్టుకోకు. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా అమెరికాలో 988 హెల్ప్‌లైన్‌కి కాల్ చెయ్యి, ఇండియాలో ఉన్నవాళ్లయితే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416. ఇది చదివేవాళ్లలో తండ్రినో తల్లినో తుపాకీతోనే, కానీ ఆత్మహత్య వల్ల పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉండొచ్చు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా అవే. వాళ్లు మా శనివారాల్లో మొదట్లో తలుపు దగ్గరే నిలబడిపోయేవారు, మాది వేరే అని. వేరే కాదు, లోపలికి రండి. మీ నాన్నగారు రోజూ చేసిన పని కూడా ఎవరికో ఒకరికి గుర్తుంటుంది.

చివరికి నువ్వు అడిగిన ఆ రాత్రి. చూపించాలా, వదిలేయాలా? నా దగ్గరికి వచ్చిన చాలామంది పూర్తిగా వదిలేసి చూశారు. అలా చేస్తే చూసేవాళ్లు లోలోపల దాని కోసమే ఎదురుచూస్తూ ఉంటారు, మిగతాదేదీ చెవికెక్కదు. కాబట్టి చెప్పు, తక్కువలో చెప్పు. నా పుస్తకంలో 112 పేజీలున్నాయి, ఆ రాత్రికి ఒక్క పేజీ. మా నాన్న ప్రతి గంటకూ లాటరీ అమ్మకాలు ఒక నోట్‌బుక్‌లో రాసేవారు. ఆ రోజు పేజీ స్కాన్ చేసి పెట్టాను. ఏడు గంటలది ఉంది, ఎనిమిదిది ఉంది, తొమ్మిదిది ఉంది. పదింటికి ఎదురుగా ఏమీ లేదు. కింద నేను ఒక్క మాట కూడా రాయలేదు. పేజీ తిప్పితే మర్నాటి పొద్దు. రోజూ ఆరింటికి కాఫీ కోసం వచ్చే ఒక ముసలాయన, లైట్లు ఆర్పేసి ఉన్న స్టోర్ ముందు, పసుపుపచ్చ టేప్ ఇవతల అరగంట నిలబడ్డాడట. డబ్బులు చేతిలోనే పట్టుకుని. అది ఆయనే నాకు చెప్పాడు.

మీ నాన్నగారి స్టోర్‌కి కూడా అలాంటి కస్టమర్ ఒకరు ఉండే ఉంటారు. ముందు వాళ్లెవరో కనుక్కో. మాట్లాడాక నాకు రాయి.